చిన్న వ్యాపారాల వెబ్‌సైట్ భద్రత: విజయవాడ, గుంటూరు వ్యాపారులు తరచుగా అడిగే ప్రశ్నలు

బీసెంట్ రోడ్డులో బట్టల షాపు, ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్టు, గుంటూరు పట్నంబజారులో హోల్‌సేల్ వ్యాపారం, మిర్చి ఎగుమతి సంస్థ... ఇప్పుడు చాలామందికి ఏదో ఒక వెబ్‌సైట్ ఉంది. దాన్ని చేయించేటప్పుడు రంగులు, ఫోటోలు, లోగో గురించి పదేపదే మాట్లాడుకుంటారు. పాస్‌వర్డ్‌లు ఎవరి దగ్గర ఉంటాయి, రేపు పాడైతే ఎవరు బాగుచేస్తారు అన్న మాట మాత్రం రాదు. ఈ పేజీ ఆ మాటల కోసమే. కంప్యూటర్ చదువు లేనివాళ్లు కూడా చదివి ఈ రోజే కొన్ని పనులు చేసుకోవాలన్నది నా కోరిక. అంతా చదివే తీరిక లేకపోతే డొమైన్ గురించి, బ్యాకప్ గురించి ఉన్న జవాబులైనా చదవండి.

మాది చిన్న కొట్టు. మా సైట్‌ని హ్యాక్ చేస్తే ఎవరికేం వస్తుంది?

మీ కొట్టు పేరు కూడా వాళ్లకి తెలియదు. ఈ పని చాలావరకు మనుషులు కూర్చుని చేసేది కాదు. బాట్‌లు అనే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు ఇంటర్నెట్‌లో ఉన్న సైట్లని వరసపెట్టి తడుతూ ఉంటాయి. పాత ప్లగిన్ (సైట్‌కి అదనపు సదుపాయాలు ఇచ్చే చిన్న ప్రోగ్రాము) ఉందా, 'అడ్మిన్' అనే యూజర్‌నేమ్‌కి తేలిక పాస్‌వర్డ్ పెట్టారా అని వెతుకుతాయి. దొరికితే దూరిపోతాయి. అది పెద్ద కంపెనీదా, మంగళగిరి చీరల షాపుదా అన్నది వాటికి అనవసరం.

దూరాక చేసే పనులు చాలా ఉన్నాయి. మీకు కనపడకుండా మీ సైట్‌లో వేల కొద్దీ పేజీలు పెట్టి నకిలీ బ్రాండు సరుకు అమ్ముతారు. అప్పుడు గూగుల్‌లో మీ షాపు పేరు వెతికితే జపనీస్ అక్షరాలు వస్తాయి. ఇది ఎంత మామూలైపోయిందంటే, గూగుల్ దీనికి 'జపనీస్ కీవర్డ్ హ్యాక్' అని పేరు పెట్టి, శుభ్రం చేసుకునే పద్ధతి కూడా వివరంగా రాసి పెట్టింది. కొందరు మీ సర్వర్ నుంచి, అంటే మీ సైట్ ఉండే కంప్యూటర్ నుంచి, స్పామ్ మెయిళ్లు పంపుతారు. కొందరు అచ్చం బ్యాంకు లాగిన్ పేజీలా ఉండే నకిలీ పేజీని మీ డొమైన్ కింద పెడతారు. ఇంకొందరు మీ సైట్‌కి వచ్చినవాళ్లని బెట్టింగ్ యాప్‌లకి మళ్లిస్తారు. మోసపోయినవాళ్లకి కనపడేది మాత్రం మీ పేరు.

అన్నిటికంటే ముందు ఏం చూసుకోవాలి?

డొమైన్ ఎవరి పేరు మీద ఉందో చూసుకోండి. ఫైర్‌వాల్, యాంటీవైరస్ అన్నీ దాని తర్వాతే.

డొమైన్ అంటే మీ సైట్ అడ్రస్, డాట్ కామ్ అనో డాట్ ఇన్ అనో చివర ఉండేది. అది మీ స్థలం దస్తావేజు లాంటిది. దస్తావేజు మేస్త్రి పేరు మీద రాయించి, ఇల్లు మాత్రం మనం కట్టుకోం కదా? కానీ వెబ్‌సైట్ విషయంలో సరిగ్గా అదే జరుగుతోంది. సైట్ చేసినవాళ్లు తమ అకౌంట్‌లో, తమ మెయిల్ ఐడీతో డొమైన్ కొంటారు. చెడు ఉద్దేశంతోనే అలా చేస్తారని నేను అనను. ఓనర్‌కి మెయిల్ ఐడీ లేకపోవడం, కార్డు ఇవ్వడానికి ఇబ్బంది పడటం, తొందర... ఇలాంటి కారణాలే ఎక్కువ. కానీ ఏళ్లు గడిచాక ఆ డొమైన్ పేరు మీ బోర్డు మీద, విజిటింగ్ కార్డుల మీద, ప్యాకింగ్ కవర్ల మీద, అమెరికాలో మీ పచ్చళ్లు తెప్పించుకునే వాళ్ల ఫోన్లలో ఉంటుంది. అంత విలువైన పేరు మీ చేతిలో లేకపోతే మిగతా భద్రత అంతా ఉత్తదే.

ఎవరి పేరు మీద ఉందో తెలుసుకోవాలంటే డొమైన్ల వివరాలు చూపించే హూఈజ్ అనే వెతుకులాట సరిపోదు. ఇప్పుడు చాలా డొమైన్ల వివరాలు అందులో దాచిపెట్టే ఉంటాయి. అసలు పరీక్ష ఒక్కటే: డొమైన్ అమ్మిన కంపెనీ అకౌంట్‌లోకి మీ మెయిల్ ఐడీతో, మీ పాస్‌వర్డ్‌తో మీరు లాగిన్ అవగలరా? అవగలిగితే లోపల రిజిస్ట్రెంట్ (యజమాని) అన్న చోట మీ పేరు, మీ సంస్థ పేరు ఉన్నాయో లేదో చూడండి. డొమైన్‌ని వేరే కంపెనీకి మార్చకుండా ఆపే 'డొమైన్ లాక్' ఆన్‌లో ఉండాలి. హోస్టింగ్ అకౌంట్‌కి, అంటే మీ సైట్ ఫైళ్లు ఉంచడానికి అద్దెకి తీసుకున్న చోటుకి, కూడా ఇదే పరీక్ష.

సైట్ చేసిన అబ్బాయి ఫోన్ ఎత్తట్లేదండి. పాస్‌వర్డ్‌లన్నీ అతని దగ్గరే ఉన్నాయి. ఇప్పుడెలా?

టెన్షన్ పడకండి, గొడవ కూడా పెట్టుకోకండి. మొదట తెలిసినవాళ్ల ద్వారా మంచిగా కబురు చేయండి. ఉద్యోగం వచ్చి హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోయినవాళ్లు పాత పనుల ఫోన్లకి విసుగుతో ఎత్తకపోవచ్చు. ఎత్తితే డబ్బు అడుగుతారేమో అన్న భయం మీకు ఉన్నట్టే, ఉచితంగా పని చేయమంటారేమో అన్న భయం అటు వైపు కూడా ఉంటుంది. 'డొమైన్‌ని నా అకౌంట్‌కి మార్చండి, ఆ పనికి మీ ఛార్జీ ఇస్తాను' అని రాతపూర్వకంగా, వాట్సాప్‌లోనైనా సరే, అడగండి. ఒకే కంపెనీలో ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కి మార్చడం తేలిక. వేరే కంపెనీకి మార్చాలంటే లాక్ తీసి, ఆథ్ కోడ్ అనే రహస్య సంకేతం ఇవ్వాలి.

అది కుదరకపోతే కాగితాలు పోగు చేయండి. డొమైన్‌కి, హోస్టింగ్‌కి మీరు డబ్బు పంపిన యూపీఐ రసీదులు, బ్యాంక్ స్టేట్‌మెంట్, సైట్ చేయించిన కొటేషన్, మీ జీఎస్‌టీ సర్టిఫికెట్, వాట్సాప్ సంభాషణలు. వాటితో డొమైన్ అమ్మిన కంపెనీ సపోర్ట్‌కి రాయండి. వాళ్లు వెంటనే మార్చేస్తారని హామీ ఏమీ లేదు. రికార్డులో ఉన్న పేరుకే వాళ్లు విలువ ఇస్తారు. మీ బ్రాండుకి ట్రేడ్‌మార్క్ ఉంటే, డాట్ ఇన్ డొమైన్ల వివాదాలకి, వాటిని నిర్వహించే నిక్సీ సంస్థ పెట్టిన ఐఎన్‌డీఆర్‌పీ అనే మధ్యవర్తిత్వ విధానం ఉంది. కానీ దానికి ఖర్చు, సమయం రెండూ అవుతాయి. అందుకే సంబంధాలు బాగున్నప్పుడే మార్పించుకోవడం మేలు. ఇప్పుడు మీ డెవలపర్ మీకు మంచి స్నేహితుడైతే, ఈ వారమే అడగండి.

డొమైన్ రెన్యువల్ మర్చిపోతే పేరు పోతుందా?

వెంటనే పోదు. డాట్ కామ్ లాంటి వాటికి గడువు దాటాక మామూలు ధరకే తీసుకునే కొద్ది రోజుల వ్యవధిని చాలా కంపెనీలు ఇస్తాయి. అది దాటి డొమైన్‌ని తొలగించాక, 30 రోజుల రిడెంప్షన్ కాలం ఉంటుంది. అందులో వెనక్కి తీసుకోవచ్చు గానీ రుసుము బాగా ఎక్కువ. అదీ దాటితే ఎవరైనా కొనుక్కోవచ్చు. పాత డొమైన్లని కొని అందులో చెత్త పెట్టడమే పనిగా ఉన్నవాళ్లున్నారు.

ఆటో రెన్యువల్ పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండకండి. 2021 అక్టోబరు నుంచి కార్డుల ఆటో పేమెంట్లకి ఆర్‌బీఐ ఈ-మ్యాండేట్ (ముందుగా ఇచ్చే ఆన్‌లైన్ అనుమతి) నిబంధనలు వచ్చాయి. విదేశీ కంపెనీ దగ్గర కొన్న డొమైన్‌కి మీ కార్డు నుంచి డబ్బు కట్ కాకుండా ఫెయిల్ అయ్యే అవకాశం ఉంది. ఒకేసారి మూడేళ్లకో అయిదేళ్లకో కట్టేసి, గడువు తేదీని మీ ఆడిటర్ క్యాలెండర్‌లో కూడా రాయించండి. జీఎస్‌టీ రిటర్నుల తేదీలు మర్చిపోనివాళ్లు ఇది కూడా గుర్తు చేస్తారు.

'మీ డొమైన్ ఈ రోజే ఎక్స్‌పైర్ అవుతోంది, ఈ లింకులో కట్టండి' అని ఫోనో మెయిలో వస్తే ఆ లింకు నొక్కకండి. మీ అకౌంట్‌లోకి మీరే విడిగా వెళ్లి తేదీ చూసుకోండి.

సైట్ అడ్రస్ పక్కన తాళం గుర్తు ఉంటే సేఫ్ అన్నట్టేనా?

కాదు. ఆ తాళం అర్థం ఒక్కటే: కస్టమర్ ఫోన్‌కీ మీ సర్వర్‌కీ మధ్య వెళ్లే సమాచారం దారిలో ఎవరూ చదవలేరు. అటు చివర ఉన్నది మంచివాళ్లా, మోసగాళ్లా అన్నది అది చెప్పదు. మోసపు సైట్లకి కూడా తాళం ఉంటుంది. జనం దీన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే గూగుల్ 2023లో క్రోమ్‌లో తాళం బొమ్మ తీసేసి వేరే గుర్తు పెట్టింది.

అయినా మీ సైట్‌కి హెచ్‌టీటీపీఎస్, అంటే సమాచారాన్ని ఇలా దారిలో కాపాడే ఏర్పాటు, తప్పకుండా ఉండాలి. లేకపోతే క్రోమ్ 2018 జులై నుంచి 'నాట్ సెక్యూర్' అని చూపిస్తోంది. అది చూసిన కస్టమర్ ఆర్డర్ పెట్టడు.

దానికి సర్టిఫికెట్ కొనాలని ఏడాదికి వేలల్లో అడుగుతున్నారు. కట్టాలా?

చిన్న వ్యాపారానికి అక్కర్లేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఉచితంగా ఇస్తుంది. చాలా హోస్టింగ్ కంపెనీలు దాన్ని వాటంతట అవే పెట్టి, గడువు తీరకముందే కొత్తది తెచ్చుకునే ఏర్పాటు ఇస్తాయి. మీ హోస్టింగ్‌లో ఆ సదుపాయం లేకపోతే, సర్టిఫికెట్ కొనడం కంటే హోస్టింగ్ మార్చడం నయం.

పాస్‌వర్డ్ ఎలా పెట్టుకోవాలి? గుర్తుండదు కదండీ.

షాపు పేరు, పక్కన ఒకటి రెండు మూడు. లేకపోతే ఓనర్ ఫోన్ నంబర్. లేకపోతే అబ్బాయి పేరు, పుట్టిన సంవత్సరం. ఇవి మీ ఫేస్‌బుక్ పేజీ చూసినవాళ్లెవరైనా ఊహించగలరు. బాట్ అయితే నిమిషాల్లో ప్రయత్నిస్తుంది.

పాస్‌వర్డ్‌కి బలం ఇచ్చేది ముఖ్యంగా పొడవు. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలని ఇంగ్లిష్ అక్షరాల్లో వరసగా రాయండి: ఒక వస్తువు, ఒక ఊరు, ఒక కూర, ఒక పని. మీకు గుర్తుంటుంది, ఊహించడం కష్టం. సామెతలు, పాట పల్లవులు, దేవుళ్ల పేర్లు వద్దు, అవి అందరికీ తెలిసినవే. ప్రతి మూడు నెలలకీ మార్చాల్సిన పని లేదు. అలా మార్చమంటే మనుషులు చివర అంకె ఒక్కటి పెంచి ఊరుకుంటారు. ఎవరికైనా తెలిసిపోయిందని అనుమానం వస్తే మాత్రం ఆ క్షణమే మార్చాలి.

అంతకంటే పెద్ద తప్పు ఒకే పాస్‌వర్డ్‌ని అన్నిచోట్లా వాడటం. ఎక్కడో ఒక షాపింగ్ సైట్ నుంచి లీకైన మీ పాస్‌వర్డ్‌ని తెచ్చి మీ మెయిల్ మీద, మీ హోస్టింగ్ మీద ప్రయత్నిస్తారు. డొమైన్, హోస్టింగ్, మెయిల్, సైట్ అడ్మిన్, నాలుగింటికీ నాలుగు వేరువేరు పాస్‌వర్డ్‌లు ఉండాలి. పాస్‌వర్డ్ మేనేజర్ యాప్ వాడగలిగితే మంచిది. వాడలేకపోతే చిన్న పుస్తకంలో రాసి ఇంట్లో బీరువాలో పెట్టండి. క్యాష్ కౌంటర్ దగ్గర అతికించిన చీటీ కంటే, వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజ్ కంటే అది ఎన్నో రెట్లు భద్రం.

ఈ నాలుగింటిలో మెయిల్ పాస్‌వర్డ్ చాలా ముఖ్యం. మిగతా వాటి పాస్‌వర్డ్ మార్చుకునే లింకులు వచ్చేది దానికే కదా. దానికి రెండంచెల ధ్రువీకరణ, అంటే టూ స్టెప్ వెరిఫికేషన్, ఈ రాత్రే పెట్టండి. ఎస్‌ఎంఎస్ ఓటీపీ కంటే, ఫోన్‌లోనే కోడ్ తయారుచేసి చూపించే ఆథెంటికేటర్ యాప్ మేలు.

ఓటీపీ వచ్చే నంబర్ ఎవరిదో కూడా చూసుకోండి. ఎప్పుడో తీసుకున్న షాపు సిమ్‌కి రీఛార్జ్ చేయకుండా, వాడకుండా 90 రోజులు వదిలేస్తే కంపెనీ ఆ నంబర్‌ని ఆపేసి, తర్వాత ఇంకొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు మీ ఓటీపీలు వాళ్లకి వెళతాయి.

పనిచేసే వాళ్లు మానేసినప్పుడు ఏం చేయాలి?

ఆఖరి జీతం లెక్క చూసిన రోజే వాళ్ల లాగిన్ తీసేయండి. అందుకే మొదటి నుంచీ ప్రతి ఒక్కరికీ వేరే లాగిన్ ఇవ్వాలి. ఆర్డర్లు చూసే అమ్మాయికి అడ్మిన్ అధికారం అక్కర్లేదు. ఆర్డర్లు చూసే అధికారం ఇస్తే చాలు. ఇది మనుషుల మీద అనుమానం కాదు. రేపు ఏదైనా జరిగితే ఏ తప్పూ చేయనివాళ్ల మీద నింద పడకుండా ఉండటానికి కూడా ఇదే దారి.

వర్డ్‌ప్రెస్ అప్‌డేట్ చేస్తే సైట్ పాడైపోతుందంటారు. చేయకుండా వదిలేయొచ్చా?

వదిలేయకండి. వర్డ్‌ప్రెస్ అంటే చాలా సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్. ఈ భయం ఊరికే పుట్టింది కాదు. అప్‌డేట్ నొక్కాక పేజీ తెల్లగా అయిపోయిన సైట్లు ఉన్నాయి. కానీ అలా పాడైన సైట్‌ని బ్యాకప్ నుంచి గంటలో నిలబెట్టుకోవచ్చు. అప్‌డేట్ లేక హ్యాక్ అయిన సైట్‌ని శుభ్రం చేయాలంటే రోజులు పడుతుంది. దొంగలు లోపల వదిలి వెళ్లిన దొంగదారులన్నీ దొరికాయో లేదో చెప్పడం కష్టం.

ఒక ప్లగిన్‌లో లోపం బయటపడగానే దాన్ని తయారుచేసినవాళ్లు సరిచేసి కొత్త వెర్షన్ ఇస్తారు. ఆ ప్రకటనతోనే లోపం ఎక్కడుందో లోకానికంతా తెలుస్తుంది. బాట్‌లు అప్పటి నుంచీ పాత వెర్షన్ వాడుతున్న సైట్ల కోసం తిరుగుతాయి. అంటే అప్‌డేట్ వచ్చిన తర్వాతి రోజులే మీకు ప్రమాదకరమైనవి. చిన్న అప్‌డేట్‌లు వాటంతట అవే పడేలా పెట్టుకోండి. పెద్దవి వచ్చినప్పుడు బ్యాకప్ తీసి, వ్యాపారం తక్కువగా ఉండే వేళ చేయించండి. దసరాల్లోనో, ఆవకాయ సీజన్‌లో ఆర్డర్లు కుమ్మేస్తున్నప్పుడో మధ్యాహ్నం పూట చేయించకండి.

వాడని ప్లగిన్‌లని ఆపేస్తే సరిపోదు, పూర్తిగా తీసేయాలి. ఏళ్ల తరబడి అప్‌డేట్ రాని ప్లగిన్ ఉంటే దాని బదులు వేరేది చూడండి.

ఇంకొక్క మాట, గట్టిగా చెప్పాల్సింది. డబ్బు పెట్టి కొనాల్సిన థీమ్‌లని (సైట్ రూపాన్ని ఇచ్చేవి), ప్లగిన్‌లని 'నల్డ్' పేరుతో ఉచితంగా దింపి వాడే అలవాటు చాలామంది డెవలపర్లకి ఉంది. వాటిలో చాలాసార్లు హ్యాకర్లు ముందే తలుపు తెరిచి పెట్టి ఉంటారు. సైట్ ఖరీదు తగ్గిందని మీరు సంతోషిస్తారు గానీ మొదటి రోజు నుంచే అది మీది కాదు. మీ థీమ్ లైసెన్స్ రసీదు చూపించమని అడగండి.

బ్యాకప్ హోస్టింగ్ వాళ్లే తీస్తారు కదా?

కొందరు తీస్తారు. కానీ ఆ బ్యాకప్ కూడా అదే సర్వర్‌లో, అదే అకౌంట్‌లో ఉంటే, అకౌంట్ పోయినప్పుడు రెండూ కలిసి పోతాయి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతమంతా రోజుల తరబడి నీళ్లలో ఉండటం మనమందరం చూశాం. అలాంటప్పుడు కంప్యూటర్, దాని పక్కనే టేబుల్ సొరుగులో పెట్టిన హార్డ్‌డిస్క్ రెండూ కలిసే మునుగుతాయి. బ్యాకప్ ఉన్నా లేనట్టే. అందుకే పాత సూత్రం ఒకటి ఇప్పటికీ పనికొస్తుంది: మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఊరవతల. మీ సైట్ ఒక కాపీ, మీ హార్డ్‌డిస్క్‌లో ఒకటి, గూగుల్ డ్రైవ్ లాంటి క్లౌడ్‌లో ఒకటి. హార్డ్‌డిస్క్‌ని ఎప్పుడూ కంప్యూటర్‌కి తగిలించి ఉంచకండి. ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ వస్తే తగిలించి ఉన్నవాటిని కూడా తాళం వేసేస్తుంది.

ఎన్నాళ్లకోసారి తీయాలంటే, ఎన్ని రోజుల ఆర్డర్లు పోయినా మీరు తట్టుకోగలరో దాన్నిబట్టి ఉంటుంది. ఫోన్ నంబర్, ఫోటోలు మాత్రమే ఉన్న సైట్‌కి నెలకోసారి చాలు. రోజూ ఆర్డర్లు వచ్చే పచ్చళ్ల సైట్‌కి రోజూ కావాలి. సైట్ ఫైళ్లు ఒక్కటే తీస్తే చాలదు, డేటాబేస్ కూడా తీయాలి. ఆర్డర్లు, కస్టమర్లు, ధరలు అన్నీ ఉండేది అందులోనే.

బ్యాకప్ తీశామని ఊరుకోకుండా, ఏడాదికి ఒకటి రెండుసార్లు దాన్నుంచి సైట్‌ని వేరే చోట నిలబెట్టి చూడమని మీ డెవలపర్‌ని అడగండి. ఈ పని చేయించేవాళ్లు చాలా తక్కువ. ఫైలు ఉంటుంది గానీ తెరుచుకోదు. ఆ సంగతి తెలిసేది సైట్ పోయిన రోజున.

ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకుంటున్నాం. ఏం జాగ్రత్తలు పడాలి?

కార్డు నంబర్లు మీ సైట్‌లో ఎక్కడా దాచకండి. 2022 అక్టోబరు 1 నుంచి వ్యాపారులు కార్డు వివరాలు దాచుకోకూడదని ఆర్‌బీఐ నిబంధన. ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే పేమెంట్ గేట్‌వే కంపెనీ ద్వారా వెళితే ఆ బాధ్యత వాళ్లు చూసుకుంటారు. ఫోన్‌లోనో వాట్సాప్‌లోనో కార్డు నంబర్ చెబుతామని విదేశాల్లో ఉన్న కస్టమర్లు అంటే కూడా తీసుకోకండి.

క్యూఆర్ కోడ్ బొమ్మ పెట్టి డబ్బు తీసుకునే సైట్లకి ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. లోపలికి వచ్చినవాళ్లు మిగతా ఏదీ ముట్టుకోకుండా ఆ ఒక్క బొమ్మని మార్చేసి వెళ్లిపోవచ్చు. సైట్ చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. 'డబ్బు వేశాం, సరుకు రాలేదు' అని ఫోన్లు వచ్చేదాకా మీకు తెలియదు. వారానికోసారి మీ ఫోన్‌తో మీరే స్కాన్ చేసి ఎవరి పేరు వస్తోందో చూడండి. కస్టమర్లకి కూడా 'స్కాన్ చేశాక మా సంస్థ పేరు కనపడితేనే పంపండి' అని ఆ పేరు రాసి పెట్టండి.

పేమెంట్ స్క్రీన్‌షాట్ చూసి సరుకు పంపకండి. బ్యాంకు అకౌంట్‌లో పడిందో లేదో చూసి పంపండి. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదని కౌంటర్‌లో కూర్చునే ప్రతి ఒక్కరికీ చెప్పండి.

మేం గుంటూరు నుంచి మిర్చి ఎగుమతి చేస్తాం. మాకు సైట్ కంటే మెయిలే ముఖ్యం. అందులో భయపడాల్సింది ఏమైనా ఉందా?

ఉంది. మీకు అసలు ప్రమాదం అక్కడే. ఒక కంటైనర్ తేజ మిర్చి డబ్బు అంటే మాటలు కాదు.

మోసగాళ్లు మీ మెయిల్‌లోకో, అవతలి కొనుగోలుదారు మెయిల్‌లోకో దూరి, ఏమీ చేయకుండా కొన్ని వారాలు చదువుతూ కూర్చుంటారు. ఏ ఇన్వాయిస్ ఎప్పుడు వెళుతుంది, ఎవరు ఎవరిని ఎలా పలకరిస్తారు, అన్నీ తెలుసుకుంటారు. సరిగ్గా డబ్బు పంపాల్సిన సమయానికి 'మా బ్యాంకు అకౌంట్‌కి ఆడిట్ జరుగుతోంది, ఈసారి ఈ కొత్త అకౌంట్‌కి పంపండి' అని మీ పేరుతో మెయిల్ వెళుతుంది. ఇన్వాయిస్ మీదే, లోగో మీదే, సంతకం మీదే. అకౌంట్ నంబర్ ఒక్కటే వేరు. ఒక్కోసారి డొమైన్‌లో ఒక్క అక్షరం తేడాతో కొత్త డొమైన్ కొని అక్కడి నుంచి పంపుతారు.

దీనికి మందు చాలావరకు సాఫ్ట్‌వేర్‌లో లేదు, ఒప్పందంలో ఉంది. 'మా బ్యాంకు వివరాలు మెయిల్ ద్వారా ఎప్పటికీ మార్చం, మారితే మీకు ముందే తెలిసిన ఫోన్ నంబర్‌లో మేమే మాట్లాడతాం' అని ప్రతి కొనుగోలుదారుకీ వ్యాపారం మొదలైన రోజే రాయండి. ప్రతి ఇన్వాయిస్ కింద అదే వాక్యం అచ్చు వేయించండి. అవతలి నుంచి మీకు అలాంటి మెయిల్ వచ్చినా అంతే: మెయిల్‌లో ఇచ్చిన నంబర్‌కి కాకుండా, మీ దగ్గర పాతగా ఉన్న నంబర్‌కి ఫోన్ చేయాలి.

మెయిల్ సెట్టింగులలో 'ఫార్వర్డింగ్' చూడండి. మీకు తెలియని అడ్రస్‌కి మీ మెయిళ్ల కాపీలు వెళుతుంటే ఎవరో లోపల ఉన్నట్టే. మీ డొమైన్ పేరుతో ఇతరులు మెయిళ్లు పంపకుండా ఆపడానికి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు సెట్టింగులు ఉన్నాయి. తెలిసినవాళ్లకి ఇది పెద్ద పనేమీ కాదు. మీ డెవలపర్‌ని ఈ మూడూ పేరు పెట్టి అడగండి.

సైట్ మొత్తం నా ఫోన్‌లోంచే చూసుకుంటాను. పర్వాలేదా?

పర్వాలేదు, ఆ ఫోన్ శుభ్రంగా ఉంటే. పెళ్లి పత్రిక అనో, ట్రాఫిక్ చలానా అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లని (యాప్‌ని ఫోన్‌లో ఎక్కించే ఫైళ్లు) ఎవరు పంపినా తెరవకండి, సొంత చుట్టాలు పంపినా సరే. వాళ్ల ఫోన్ ఇప్పటికే పోయి ఉండొచ్చు. ఆ యాప్ మీ ఎస్‌ఎంఎస్‌లు చదివితే మీ ఓటీపీలన్నీ అటే వెళతాయి. ఇంట్లో పిల్లలు ఆడుకునే ఫోన్‌లో సైట్ అడ్మిన్ లాగిన్ పెట్టుకోకండి.

సైట్ హ్యాక్ అయిందని ఎలా తెలుస్తుంది?

చాలాసార్లు అందరికంటే చివర ఓనర్‌కి తెలుస్తుంది. మీరు నేరుగా సైట్ తెరిస్తే బాగానే కనపడి, గూగుల్‌లోంచి వచ్చినవాళ్లకి మాత్రం వేరే పేజీ తెరుచుకునేలా పెడతారు. కాబట్టి అప్పుడప్పుడు మీ సైట్‌ని గూగుల్‌లో వెతికి, ఆ లింకు మీద నొక్కి, వేరేవాళ్ల ఫోన్‌లో చూడండి. గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితం. అందులో సైట్ నమోదు చేస్తే, గూగుల్‌కి ఏదైనా తేడా కనిపించినప్పుడు మీకు మెయిల్ వస్తుంది. మీకు తెలియని కొత్త అడ్మిన్ యూజర్ కనపడటం, సైట్ ఉన్నట్టుండి నెమ్మదించడం, మీ మెయిళ్లు అందరికీ స్పామ్‌లో పడటం కూడా ఆనవాళ్లే.

హ్యాక్ అయింది. మొదట ఏం చేయాలి?

డబ్బు పోయిందా లేదా అన్నది మొదటి ప్రశ్న. పోతే అన్నీ పక్కన పెట్టి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకి చెప్పండి. ఎంత త్వరగా చెబితే అవతలి అకౌంట్‌లో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, నంబర్ రాసి పెట్టుకోండి. దగ్గరి పోలీస్ స్టేషన్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు.

డబ్బు పోకపోతే, ఏదీ డిలీట్ చేయకముందు స్క్రీన్‌షాట్లు తీయండి, ఉన్న సైట్‌ని ఉన్నట్టుగా ఒక కాపీ తీయించండి. సర్వర్ లాగ్‌లు (ఎవరు ఎప్పుడు వచ్చారో రాసుకునే రికార్డులు) కూడా కావాలని హోస్టింగ్ వాళ్లకి చెప్పండి. ఎలా వచ్చారో తెలిసేది వాటిలోనే. కంగారులో అన్నీ తుడిచేసి పాత బ్యాకప్ పెట్టేస్తే, వచ్చిన దారి అలాగే ఉండి రెండు రోజుల్లో మళ్లీ వస్తారు. కాపీ తీశాక సైట్‌ని తాత్కాలికంగా ఆపి, 'మరమ్మతులు జరుగుతున్నాయి' అని పేజీ పెట్టండి. శుభ్రమైన కంప్యూటర్ నుంచి మెయిల్, డొమైన్, హోస్టింగ్, అడ్మిన్, డేటాబేస్ పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి. ఆ వరసలోనే, మెయిల్ ముందు. తర్వాతే శుభ్రం చేసే పని.

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, వెబ్‌సైట్‌లోకి చొరబాటు లాంటి ఘటనలని తెలుసుకున్న 6 గంటల్లో వాళ్లకి తెలపాలి. చిన్న వ్యాపారుల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు. మెయిల్ రాస్తే చాలు, వకీలు అక్కర్లేదు.

కస్టమర్లకి ఏం చెప్పాలన్నది అందరూ తడబడే చోటు. నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: దాచకండి. 'ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా మా సైట్‌లో డబ్బు కట్టినవాళ్లు ఒకసారి మాకు ఫోన్ చేయండి' అని వాట్సాప్ స్టేటస్‌లో, షాపు బోర్డు మీద పెట్టండి. మీ నోటి నుంచి విన్నవాళ్లు మీ దగ్గరికే మళ్లీ వస్తారు.

కస్టమర్ల ఫోన్ నంబర్లు, అడ్రస్‌లు మా దగ్గర ఉన్నాయి. చట్టం ఏమైనా ఉందా?

ఉంది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. డేటా భద్రతకి తగిన జాగ్రత్తలు తీసుకోకపోతే జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చని చట్టంలో ఉంది. చిన్న కొట్టుకి అంత వేస్తారని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. అవసరం లేని వివరాలు అడగడం మానేస్తే సగం భారం తగ్గుతుంది. చీర పంపడానికి పుట్టినరోజు ఎందుకు? ఆధార్ కాపీ ఎందుకు? లేని డేటాని ఎవరూ దొంగిలించలేరు.

మాకు సైట్ లేదు, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మాత్రమే ఉన్నాయి.

వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి ఆరంకెల పిన్ ఇవ్వండి. 'లింక్డ్ డివైసెస్' చూసి తెలియనివి తీసేయండి. ఇన్‌స్టాగ్రామ్‌కి కూడా టూ స్టెప్ పెట్టండి. గూగుల్ మ్యాప్స్‌లో మీ షాపు ప్రొఫైల్‌కి అసలు ఓనర్‌గా ఎవరి జీమెయిల్ ఉందో చూడండి. అది ఎవరో మార్కెటింగ్ అబ్బాయిది అయితే మీ పేరుకి మార్పించండి. అక్కడ ఫోన్ నంబర్ మార్చేస్తే మీ కస్టమర్లు వేరేవాళ్లకి ఫోన్ చేస్తారు.

కొత్తగా సైట్ చేయించబోతున్నాం. డెవలపర్‌ని ఏం అడగాలి?

ఇక్కడ చెప్పిన పనుల్లో చాలావాటికి డబ్బు ఖర్చు కాదు. కొంచెం ఓపిక, మొదట్లోనే ఒక మాట అడిగే ధైర్యం కావాలి. ధర మాట్లాడుకునేటప్పుడే కొటేషన్‌లో ఇవి రాయించుకోండి: డొమైన్, హోస్టింగ్ మా సంస్థ పేరు మీద, మా మెయిల్ ఐడీతో, మా జీఎస్‌టీ నంబర్ మీద బిల్లుతో కొనాలి. పని పూర్తయ్యాక అన్ని లాగిన్‌లూ మాకు అప్పగించాలి. నల్డ్ థీమ్‌లు, ప్లగిన్‌లు వాడకూడదు. అప్‌డేట్‌లు, బ్యాకప్ ఎవరు చూస్తారో, ఏడాదికి ఎంత తీసుకుంటారో విడిగా రాయాలి. ఆ నిర్వహణ రుసుము దగ్గర మరీ బేరమాడకండి. ఏడాది పొడవునా చూసుకునే పనికి తగిన డబ్బు ఇస్తేనే ఆ పని జరుగుతుంది. మొదటి మూడు మాటలు రాసి సంతకం పెట్టడానికి వెనకాడేవాళ్లకి మాత్రం అడ్వాన్స్ ఇవ్వకండి.